పటం అడుగున గీత

అతుకులమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పాత పటాలకు పట్టిన దుమ్ము దులిపి, చిరుగులకు పల్చటి కాగితం అతికించడం ఆవిడ పని. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ బల్ల మీది పటాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఆ పూట వాళ్ళకు మూడినట్టే.

ఈసారి బల్ల మీదికొచ్చింది రెండు రాజ్యాల సరిహద్దు చూపే మూడు వందల ఏళ్ళ నాటి పటం. ఆ కాలపు రాజులు ఘనులు. ఊళ్ళు గెలిచే ఓపిక ఉండేది గానీ, కొత్త పటం గీయించే ఓపిక ఉండేది కాదు. పాత గీత మీద కాగితం పట్టీ అంటించి, దానిపై కొత్త గీత లాగించి చేతులు దులుపుకునేవారు. ఇప్పటి ప్రభుత్వాలు రెండూ కొట్టుకుని కొట్టుకుని చివరికి ఒక మాట మీదికి వచ్చాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న గీతే సరిహద్దు. దానికి అవతల పడ్డ ఊళ్ళను ఖాళీ చేసి అప్పగించాలి.

అతుకులమ్మ అక్క ఊరు సరిహద్దు పక్కనే ఉంది. బావ పోయాక ఆ ఇల్లే అక్కకు దిక్కు. రోజూ ఫోన్ చేసి, ఏమీ పట్టనట్టు కూరల కబుర్లు చెప్పి, చివర్లో మెల్లగా అడిగేది: "మా ఊరు ఎటుందే?"

తడి దూదితో జిగురు నానబెట్టి పైపట్టీ లేపితే, కింది గీత అక్క ఊరిని అవతలికి తోసేసింది. పై అధికారి వంగి చూసి, ఇదే అన్నిటికన్నా అడుగుది, ఇక ఆపేయమన్నాడు.

ఆవిడ ఆపలేదు. వేలికి ఇంకా దళసరిగా తగులుతోందని, కింద మరో గీత ఉందని పట్టుబట్టింది. నిజం కోసమా, అక్క కోసమా అంటే ఆవిడకే తెలియదు. ఆయన విసిగిపోయి సరేనన్నాడు.

తడి ఆరిపోకుండా మిగతా పటమంతా గుడ్డ కప్పి, ఒక్క మూలే తెరిచి పనిచేయడం ఆవిడ అలవాటు. ఆ మూలలో రెండో పట్టీ లేచింది. అడుగున వెలిసిపోయిన ఎర్ర గీత, దాని కింద ఉత్త కాగితమే. అక్క ఊరు ఇవతలే ఉంది. ఆవిడకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. అధికారి అడుగు గీత దొరికిందని అప్పుడే పైవాళ్ళకు కబురు పంపేశాడు.

ఆ తర్వాత గుడ్డ జరుపుకుంటూ పట్టీని రెండో చివరిదాకా లేపింది. ఏటి వెంట తిన్నగా పోతున్న గీత ఒకచోట వంకర తిరిగింది. అక్కడ చిన్న కోట, సంత వీధి, వంతెన. ఆ వంతెన దాటే ఆవిడ రోజూ పనికి వస్తుంది. ఆవిడ ఇల్లు, ఈ ఆఫీసు, అధికారిగారి కుర్చీతో సహా గీతకు అవతల పడ్డాయి.

అధికారి వచ్చి చూశాడు.

"ఆపమన్నాను కదమ్మా," అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఈసారి కూరల కబుర్లు లేవు.

"మా ఊరు ఎటుందే?"

"ఇటే ఉందక్కా. నీ ఇల్లు ఎక్కడికీ పోదు."

అక్క ఏడ్చేసింది. నీ కడుపు చల్లగుండ అని దీవించి, మనసు కుదుటపడింది కాబట్టి వచ్చి నాలుగు రోజులు నీ దగ్గర ఉండి వెళ్తానంది.

"నువ్వు రావద్దక్కా," అంది అతుకులమ్మ. "నీ దగ్గర ఒక గది ఖాళీ చేసిపెట్టు. మేమే వస్తాం."