సినిమా స్టాపు

కిన్షాసాలో పసుపు వ్యాను తలుపు పట్టుకుని వేలాడుతూ, రేకుమీద అరచేత్తో దరువేస్తూ స్టాపుల పేర్లు కేకేసే ముసలి కండక్టరు పేరు లుజోలో. దేశం పేరు మారింది, నది పేరు మారింది, సర్కారు హుకుంతో అతని పేరూ మారింది. కొన్నేళ్ళకి దేశానికీ నదికీ మళ్ళీ పాత పేర్లే వచ్చాయి. అతని కేకలు మాత్రం మారలేదు. వయసులో ఉండగా టార్చిలైటు పట్టుకుని జనానికి కుర్చీలు చూపించిన సినిమాహాలు చర్చి అయి ఏళ్ళు గడిచినా, అక్కడికి రాగానే "సినిమా! సినిమా!" అంటాడు.

మొన్న ఆదివారం ఆ చర్చి పాస్టరే వ్యాను ఎక్కాడు. "దేవుడి ఇంటిని పట్టుకుని సినిమా అంటావేంటి పెద్దాయనా? చర్చి అను!" అని కసిరి, ముందు సీటుకి తల ఆనించి కునుకు తీశాడు. స్టాపు రాగానే లుజోలో "చర్చి... చర్చి" అన్నాడు. ఆ దారిలో సందుకో చర్చి. ఒక్కరూ కదల్లేదు. రెండు స్టాపులు దాటాక పాస్టరు ఉలిక్కిపడి లేచి, "అయ్యో, సినిమా దాటిపోయిందా? చెప్పవేం!" అని అరిచాడు. వ్యానంతా గొల్లుమంది. లుజోలో ఒక్కడే నవ్వలేదు. ఒకప్పుడు ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళని చీకట్లో నడిపించినట్టే, పాస్టరు మోచెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.