విషమని పక్కన పెట్టిన మందు

ఫ్రెంచివాళ్లు యానాం విడిచి వెళ్లిన ఏడాది, ఒక ఆదివారం ఫరంపేటలో మా ఇంటి అరుగు మీద వాదన సాగుతోంది. నిప్పుల గుండం తొక్కినవాడి కాళ్లు కాలకపోతే అది భక్తి మహిమేనా అన్నది విషయం. నేను ఎప్పటిలాగే గొంతు పెంచి, నిప్పుకు భక్తుడికీ నాస్తికుడికీ తేడా తెలియదని చెబుతున్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది.

"అదంతా సరే గానీ మాస్టారూ, ఆ గ్లాసు ఎలా పట్టుకున్నారండీ? నాది ముట్టుకోలేక కింద పెట్టేశాను," అన్నాడు మా బడిలోనే పనిచేసే సత్యానందం.

"హేతువాదికి వేడి తగలదయ్యా!" అన్నాను. అందరం నవ్వాం.

మర్నాడు చూస్తే అరచేతి అంచున, చిటికెన వేలి కింద, బొబ్బ లేచి ఉంది. నొప్పి లేదు. బొబ్బకు కాదు, ఆ లేని నొప్పికి భయం వేసింది.

కాకినాడ వైపున్న ఒక క్లినిక్‌లో డాక్టరు గారు నన్ను కళ్లు మూసుకోమని దూదితో, సూదితో అరచేయంతా తాకి చూశారు. మోచేతి వెనక తడిమి, "అల్నార్ నెర్వ్, చిటికెన వేలి వైపు వెళ్లే నరం, లావెక్కింది," అన్నారు. చెవి తమ్మె మీద సన్నగా గీరి, క్రిములున్నాయేమో చూడటానికి స్మియర్ తీశారు. అది పాజిటివ్ వచ్చింది. జబ్బు లెప్రసీ, కుష్ఠు.

"ఇంట్లో పిల్లలున్నారా?"

"ఒక పాపండి. కరుణ. ఇంకా బళ్లో వేయలేదు."

"స్మియర్ నెగెటివ్ అయ్యేదాకా పాపని వేరేచోట ఉంచండి. మీరూ బడికి వెళ్లొద్దు."

కరుణను అగ్రహారంలో అమ్మమ్మ ఇంటికి పంపేశాం. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవచ్చు. పిల్ల నాన్న ముఖం మరిచిపోతే ఎక్కడ వెతుక్కోను? అప్పటినుంచి నాకు కావలసింది ఒక్కటే, ఆ స్మియర్ మారాలి.

పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి, "దేవుణ్ణి ఎదిరిస్తే ఇంతేనయ్యా," అని నిట్టూర్చాడు. "క్లినిక్ వరసలో నాకు ముందు నిలబడ్డవాళ్లంతా ప్రార్థన తప్పనివాళ్లేనండి. వాళ్లు ఎవర్ని ఎదిరించారు?" అని అడిగాను. ఆయన మళ్లీ రాలేదు.

ఇచ్చిన మందు డి.డి.ఎస్. వారానికి రెండుసార్లు చిన్న బిళ్ల, అంతే. ఇంత జబ్బుకు ఇంత బిళ్లా అనిపించింది. "ఎక్కువిస్తే త్వరగా తగ్గదా అండీ?" అన్నాను.

డాక్టరు గారికి నా ప్రశ్న నచ్చినట్టుంది, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఈ మందు పాతదేనండి. మొదట్లో పెద్ద మోతాదుల్లో వాడి చూసి, విషమని పక్కన పెట్టేశారు. తరవాత దీనికి అటూ ఇటూ అతుకులు వేసి, విషం తగ్గించిన కొత్త మందులు తయారుచేశారు. అవి పనిచేశాయి. ఎలా చేశాయని వెతికితే, ఒంట్లోకి వెళ్లాక అతుకులు ఊడిపోయి ఈ పాత మందే మిగులుతోందని తేలింది. అప్పుడు ఎవరికో సరైన అనుమానం వచ్చింది, తప్పు మందుదా, మోతాదుదా అని. కొద్దికొద్దిగా ఇచ్చి చూశారు. మనిషి తట్టుకున్నాడు, జబ్బు తట్టుకోలేకపోయింది."

ఆ సంగతి వింటుంటే ఒంటరిగా పండుగ చేసుకోవాలనిపించింది. ఎవరి వెలివేత అయినా సరే, మళ్లీ విచారణకు రావచ్చన్నమాట.

అయితే ఇంట్లో మరో వైద్యం నడుస్తోంది. మా వైపు ఈ జబ్బుకు మందు ఏదైనా కఠిన పథ్యం తప్పదంటారు. మా ఆవిడ సువార్తమ్మ ఉప్పు, పప్పు, చేప, ఆకుకూర అన్నీ మాన్పించి చప్పిడి అన్నం, పల్చటి మజ్జిగ పెట్టేది. అది మూఢనమ్మకమని వాదించి గెలిచాను. గెలిచి, పెట్టిందే తిన్నాను.

కొన్నాళ్లకు అరుగు ఎక్కితేనే ఆయాసం. కింది రెప్పల లోపలి ఎరుపు పోయింది.

"ఆ బిళ్లలే మీ రక్తం తాగేస్తన్నాయి. మానేయండి," అంది సువార్తమ్మ.

"మందు మీద ఒక్క మాట అనొద్దు!"

"దేవుడి మీద అనొచ్చు గానీ మీ బిళ్ల మీద అనకూడదేంటి?"

మందు మానితే పాప ఇంటికి రాదు. మానకపోతే నేనే ఉంటానో లేదో. ఇద్దరం క్లినిక్‌కు వెళ్లాం. హీమోగ్లోబిన్ తక్కువగా ఉంది. మా తగవంతా విని డాక్టరు గారు నవ్వారు.

"ఇద్దరి మాటా నిజం కావచ్చు. డి.డి.ఎస్. ఎనీమియా, అంటే రక్తహీనత, తేగలదు. ఈ తిండీ తేగలదు. రెండూ ఒకేసారి మార్చామా, దోషం దేనిదో ఎప్పటికీ తెలీదు. ఇంకా ప్రమాదం దాకా రాలేదు కాబట్టి మందు కదపను. ముందు తిండి మారుద్దాం. కొత్త మందుని పరీక్షించేటప్పుడూ పద్ధతి ఇదే."

"అంటే నా పథ్యానికీ ఈయన బిళ్లకీ పోటీ పెట్టారన్నమాట," అంది సువార్తమ్మ. "ఆయ్, అలాగేనండి. ఓడినోళ్లు ఒప్పుకోవాలి మరి!"

పప్పు వచ్చింది, తోటకూర వచ్చింది, చేపల పులుసు వచ్చింది. రక్తం పెరిగింది. సువార్తమ్మ తలొంచుకుంది. తరవాత పెరగడం ఆగిపోయింది. అప్పుడు డాక్టరు గారు మోతాదు ఒక మెట్టు తగ్గించారు. మళ్లీ పెరిగింది. ఈసారి తలొంచుకోవడం నా వంతు. సగం సగం ఓడిపోయి ఇద్దరం బస్సెక్కాం. దారిలో ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

జబ్బు తొందరపడలేదు, మేమూ తొందరపడలేదు. ఏళ్లు పట్టింది. వరసగా స్మియర్లు నెగెటివ్ వచ్చాక అగ్రహారం వెళ్లాను. కరుణ గుమ్మం పట్టుకుని కాసేపు చూసి, "అమ్మ చెప్పిన నాన్న నువ్వేనా?" అని అడిగింది.

ఇప్పుడు బడికి వెళ్తున్నాను. మీకు చెప్పదలిచింది ఒక్కటే. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మింగుతున్న మందుతో పాటు, ఎవరి మాట మీదనో మానేసిన తిండి గురించి కూడా చెప్పండి. అది అడిగేదాకా ఆగకండి.

నా చేతికి స్పర్శ తిరిగి రాలేదు, రాదన్నారు కూడా. సాయంత్రం టీ వస్తే ముందు కరుణ వేలితో గ్లాసు ముట్టుకుని చూస్తుంది.

"ఆగు నాన్నా, కాలుద్ది."

ఎవరి మాటనూ రుజువు లేకుండా ఒప్పుకోని నేను, గ్లాసు వంక చూస్తూ ఆగుతాను.