బంతికి అంటిన కుంకుమ

ఇప్పుడంటే అమ్మాయిలు జెర్సీలు తొడుక్కుని దర్జాగా మైదానంలోకి దిగుతున్నారు గానీ, మేం గల్ఫ్ దేశంలో, అల్ ఖౌద్‌లో ఉన్న కొత్తల్లో శుక్రవారం సెలవునాటి ఆటలో ఆడపిల్లల పని చాప మీద కూర్చుని పులిహోర డబ్బాలకు కాపలా కాయడమే. నేను బడికి వెళ్ళలేదు, అమ్మ దగ్గరే చదువుకున్నాను. ఆటల పీరియడ్ అంటే మేడ మీద నీళ్ళ ట్యాంకుకు గురిపెట్టి బంతి విసరడం (ఆ ట్యాంకు ఓర్పు దేవుడిచ్చిందే). అది చూసింది మా పై ఫ్లాటు కెనడా తాతగారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే కూతురి దగ్గర ఉండేవారు. వయసులో బేస్‌బాల్ బంతులు విసరడమే ఆయన ఉద్యోగమట. భుజం పాడయ్యాక "చెయ్యి పోయింది గానీ నోరుందిగా" అని రేడియోలో చేరి, తల నెరిసేదాకా ఆటల వ్యాఖ్యానం చెప్పారు. మావాళ్ళందరికీ బేస్‌బాల్ అంటించింది ఆయనే. ఒక శుక్రవారం, "ఈవేళ ఈ పిల్ల విసురుతుంది" అన్నారు.

బహ్లా అనే ఊళ్ళో కొట్టు నడిపే మా బాబాయి బ్యాటు ఊపుతూ నవ్వాడు. "ఒసేయ్, ఒక్క ఛాన్సే. నన్ను అవుట్ చేస్తే ప్రతివారం బంతి నీదే. లేదంటే మళ్ళీ ఆట ఊసెత్తనని పులిహోర మీద ఒట్టెయ్యి!" వేశాను.

మూడు బంతులు తప్పితే అవుట్. రెండు తప్పాయి. మూడోదాన్ని అలవాటుగా కళ్ళకూ నుదుటికీ అద్దుకున్నాను. "ఆగు! బంతికేదో రాస్తోంది!" అని అరిచాడు బాబాయి. నిజమే, తెల్లబంతి మీద నా కుంకుమ. బంతికేమీ రాయకూడదన్నది తాతగారు నేర్పిన రూలే. ఆయన ఖాళీ లబన్ మజ్జిగ సీసాను మైకులా పట్టుకుని, తన ఇంగ్లీషులో, "శ్రోతలారా, బంతికి ఉమ్ము రాసినవాళ్ళను చూశాను, గ్రీజు రాసినవాళ్ళను చూశాను. దేవుణ్ణి రాసిన పిల్లను ఇప్పుడే చూస్తున్నాను. అయినా రూలు రూలే, తుడవాలి" అన్నారు.

"బొట్టు కూడా తుడుచుకో, మళ్ళీ అంటుద్ది" అన్నాడు బాబాయి.

"బంతి తుడుస్తాను బాబాయ్. బొట్టు తుడవను, దండం మానను."

చున్నీతో తుడిచిన బంతిని తాతగారి చేతిలో పెట్టి, మైదానం మధ్యన రెండు చేతులూ జోడించాను. నాకొచ్చిన స్తోత్రాలన్నీ నింపాదిగా మొదలుపెట్టాను. బాబాయి బ్యాటెత్తి ఎండలో నిలబడ్డాడు. "ఇంకా అవలేదు శ్రోతలారా, కొట్టేవాడి చేతులు వణుకుతున్నాయి" అంటున్నారు తాతగారు. "అయిందా లేదా తల్లీ?" అన్నాడు బాబాయి. అయ్యాక బంతి తీసుకుని విసిరాను. బాబాయి బ్యాటు కదిలేసరికి బంతి దాటిపోయింది.

"ఇది అన్యాయం!"

"ప్రార్థన వద్దని రూలేదీ లేదు" అన్నారు తాతగారు.

ఆ తరవాత ప్రతి శుక్రవారమూ బంతి నాదే. ఇప్పుడైతే కుక్కర్ విజిల్ వేస్తే నేను స్తోత్రం మధ్యలోనే లేచిపోతాను. ఆటనూ బాబాయినీ ఎండలో నిలబెట్టి, ఒక్క ముక్కయినా మింగకుండా చదివిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త బెంగా వేస్తుంది. ఆ పొగరు ఇచ్చింది కూడా స్వామే. దానికీ ఓ దండం.