యుమ్మా ఎంచిన బోటు

ఎనభైల్లో నేను షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటపని చేసేదాన్ని. నన్ను పనిలో పెట్టుకున్న యజమానిని కఫీల్ అనేవాళ్ళం. ఆయన తల్లిని ఇంట్లో అందరూ యుమ్మా అనేవారు, మన మాటలో అమ్మా అని. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ మోకాళ్ళు అప్పటికే వంగడం మానేశాయి. అయినా అంత తీరైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

శుక్రవారాలు ఇంటిల్లిపాదీ సముద్రంలో ఉన్న దీవికి వెళ్ళి రావడానికి కఫీల్ ఒక పాత బోటు కొందామనుకున్నాడు. ఒకాయన దగ్గర రెండున్నాయంటే అందరం వెళ్ళాం. ఇసుక ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో కట్టి ఉన్నాయి. రెండూ వెడల్పాటివే. పైన చదునుగా, చాప పరుచుకుని భోజనాలు చేసేంత చోటుంది. ఒకటి తెల్లగా, ఎర్ర చారతో, కొత్త ఇంజనుతో పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. రెండోది ఎండకు వెలిసిపోయింది, నీడకు కట్టిన గుడ్డ నిండా అతుకులే.

కఫీల్ కళ్ళు తెల్లదాన్ని వదల్లేదు. దాని అంచేమో నా నడుం ఎత్తుంది.

"యుమ్మా, నువ్వెక్కలేవు. ఇంట్లో ఉండు, నీకు చేపలు పట్టుకొస్తాం" అన్నాడు, ప్రేమగానే.

"ఇద్దరు పట్టుకుని బియ్యం బస్తాలా ఎక్కిస్తే నేనెక్కను" అందావిడ.

ఆవిడ తండ్రి ముత్యాల వేటకు వెళ్ళే పడవకు పెద్ద. ఆ నీళ్ళు చూస్తూ పెరిగిన మనిషి. ఇన్నేళ్ళకు ఇంటికి బోటొస్తే, అది తనను ఒడ్డున వదిలి పోయేదవుతుందేమోనని ఆవిడ బెంగ. పైకి అనలేదు గానీ నాకు తెలుసు.

కాసేపు రెంటినీ చూసి నన్ను పిలిచింది. "గావా ఫ్లాస్కు తే. తెల్లదాంట్లోకెక్కి, కప్పు నిండా పోసి కింద పెట్టు."

నేను బిత్తరపోయాను. వచ్చిన కొత్తలో ఒక అతిథికి మనింట్లో కాఫీ ఇచ్చినట్టు కప్పు నిండా పోసి చీవాట్లు తిన్నాను. వాళ్ళ కాఫీని గావా అంటారు, అది కప్పు అడుగున కాస్తే పోయాలి. నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మన్నట్టు. ఆ పద్ధతి నాకు నేర్పింది ఈవిడే.

బోటు తాడు పట్టుకున్న మా ఇంటి డ్రైవరుది కరీంనగర్. "అక్కా, మనం బోటు కొననీకె వచ్చినమా, దావతుకా?" అన్నాడు.

"నోర్మూసుకుని తాడు పట్టుకోరా. మీ ఊళ్ళో పడవలున్నాయా, గోదారుందా?"

"గోదారి మా దిక్కు నుంచే మీ దిక్కుకు వస్తది, అక్కా!"

నవ్వుతూనే ఎక్కి, అంచుదాకా గావా పోసి కప్పు కింద పెట్టాను. యుమ్మా మనవలను కేకేసింది. "యల్లా, పదండి! అందరూ ఎక్కి ఒక్క పక్కకు పరిగెత్తండి."

నలుగురూ ఎక్కి పరిగెత్తారు. పెళ్ళికొడుకు ఒక పక్కకు ఒరిగాడు, కప్పు దొర్లి గావా అంతా నా చీర కుచ్చిళ్ళ మీద పడింది. వెలిసిపోయినదాంట్లోనూ అలాగే చేయించింది. అది కొంచెం ఊగి, సర్దుకుని నిలబడింది. కప్పు అంచున రెండు చుక్కలు జారాయంతే.

"కానీ దీని ఇంజను నెమ్మది, యుమ్మా. దీవికి చేరేసరికి సగం రోజు పోతుంది" అన్నాడు కఫీల్.

"మీ తాత ముత్యాలకు పోతే నెలలు పట్టేది. సగం రోజుకే నీకు తొందరొచ్చిందా?"

వెలిసిన బోటుకు ముందువైపు చిన్న తలుపుంది. అది తెరిచి, ఇసుక మీద నుంచి బోటులోకి పొడవాటి చెక్క పలక వేయించింది యుమ్మా. చెయ్యి అందించబోతే కఫీల్‌ను కళ్ళతోనే ఆపింది. కర్ర తాటించుకుంటూ, అడుగు అడుగు చూసుకుంటూ తనే నడిచి వెళ్ళి మధ్యలో కూర్చుంది. ఆ నడక చూస్తుంటే నా గుండె నిండిపోయింది.

"నడుపు" అంది.

"ఇంకా కొనలేదు, యుమ్మా!"

"కొందువుగాని. ముందు నడుపు."

అమ్మేవాడే ముందు నవ్వి, తాళంచెవి తీసి కఫీల్ చేతిలో పెట్టాడు.