మేనత్త దగ్గరగా చూసినవి

మా మేనత్త పోయిందని చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఏడుపు వచ్చేలోపే రెండో మాట అడిగాడు.

"ఆమె ఫోన్ లాకు నీకేమన్న ఎరుకనా?"

నాకు నిజంగానే తెలియదు. కానీ ఎందుకు అడిగాడో తెలుసు. ఆ రోజు నా ఏడుపులో సగం కోపమే.

మేనత్త చర్ల దగ్గర ప్రభుత్వ దవాఖానాలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. పండుగలకు తల్లాడలో చిన్నాన్న ఇంటికి వచ్చేది గానీ చర్ల దగ్గరి కిరాయి గదిని మాత్రం వదల్లేదు. రిటైరయ్యాక మంచి కెమెరా ఉన్న ఫోన్ కొనుక్కుని, దానికి గుండీ అంత భూతద్దం ఒకటి తగిలించి అడవి బాట పట్టింది. అక్కడ కొండనో గోదారినో ఆమె ఏనాడూ ఫోటో తీయలేదు. మోదుగ మొగ్గ మీది నూగు, ఇప్పపువ్వు లోపలి తేమ, వాన పడ్డాక పుట్టగొడుగు కింది మడతలు, ఇవే తీసేది.

తీసే ముందు వేలితో మెల్లగా తాకేది. "ముట్టుకోకుండ తియ్యొద్దు బిడ్డా. మెత్తనో గరుకో ఎరుకైతేనే వెలుగు యాడ పడాల్నో తెలుస్తది" అనేది. తర్వాత మోకాళ్ల మీద వంగి, ఊపిరి బిగబట్టేది. ఆ ఫోటోలు చూస్తుంటే నా చెవులు వేడెక్కేవి. పువ్వు పువ్వులా ఉండేది కాదు. మెడ వంపులా, నిద్రలో విడిన పెదవిలా ఉండేది. నేను సిగ్గుపడితే పకపకా నవ్వేది. "దగ్గరికి పోతే ఏదైనా ఒళ్లే" అనేది. నాకు చూడటం నేర్పింది ఆమే. ఆ రుణం ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

ఒకసారి మాత్రం నవ్వకుండా చెప్పింది. "నౌకరీ చేసినన్ని దినాలు మంది ఒళ్లు పట్టుకున్న. కడిగిన, తుడిచిన, కట్లు కట్టిన. నా ఒంటి మీద చెయ్యేసింది బీపీ చూసేటోళ్లే."

గొడవ మా తల్లాడ చర్చి క్యాలెండర్ దగ్గర మొదలైంది. అడవి ఫోటోలుంటే ఇమ్మని సంఘ పెద్దలే ఆమెను అడిగారు. ఇచ్చిన వాటిలో ఒకటి తపసి చెట్టుది. బంక తీసే చెట్టు అది, బెరడు తెల్లగా నున్నగా ఉంటుంది. కొమ్మ చీలిన చోట పొద్దుటెండ పడుతుంటే బాగా దగ్గరగా తీసింది. మర్నాడు ఇద్దరు పెద్దలు చిన్నాన్న ఇంటికి వచ్చి, ఆ ఫోటోను టేబుల్ మీద బోర్లా పెట్టారు. మేనత్తా నేనూ అక్కడే ఉన్నాం.

"ఈ ఆడామె ఎవరు సిస్టరమ్మా?" అని ఒకాయన అడిగాడు.

"ఆడామె గాదయ్యా, చెట్టు."

"చెట్టుకు గట్ల ఉంటదా?"

"రండ్రి, సూపిస్త. మీరే ముట్టుకొని చెప్పుండ్రి."

వాళ్లు రాలేదు. రాకుండానే తీర్పు చెప్పారు. క్యాలెండర్ మీదికి ఎప్పటిలాగే బజారు గులాబీలు వచ్చాయి. చిన్నాన్న సంఘంలో కోశాధికారి. "వయసుకు తగ్గట్టు ఉండొద్దా అక్కా? నేను మందిల తలెత్తుకోవద్దా?" అని ఆ పెద్దల ముందే అడిగాడు. ఆ తర్వాత మేనత్త నాకు తప్ప ఎవరికీ అడవి ఫోటో చూపలేదు. నాకు కూడా పంపేది కాదు. "పంపితే పాడైతది, వచ్చి సూడు" అనేది. సెలవులకు వెళ్లి ఆమె మంచం మీద పక్కనే పడుకుని చూసేదాన్ని. ఒక్కో ఫోటో దగ్గర ఆగి ఆమె నా ముఖం చూసేది. నేను ఆశ్చర్యంతో నోరు తెరిస్తే చాలు, పొంగిపోయేది.

భూస్థాపన అయిన మర్నాడే చిన్నాన్న ఆ ఫోన్ పట్టుకుని ఖమ్మం వెళ్లాడు. లాకు తీయడం కుదరదు, మొత్తం చెరిపేయమంటే చెరిపేస్తానని షాపతను అన్నాడట. చెరిపించుకుని వచ్చి, స్నానం చేసి, కడుపునిండా తిన్నాడు. "పరువు దక్కింది" అన్నాడు చిన్నమ్మతో, నాకు వినపడేలాగే. పదిమంది చేతుల్లో పడకుండా ఆమెను కాపాడానని ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఆ నమ్మకమే నాకు మింగుడు పడదు.

జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ వేయించాలని ఆ సాయంత్రం చిన్నాన్నకు గుర్తొచ్చింది. అందరం ఫోన్లు వెతికాం. ఇంట్లో ఏ పండుగకైనా ఫోటోలు తీసింది ఆమే కాబట్టి, ఏ ఫోటోలోనూ ఆమె లేదు. తన ముఖం ఉన్నది తన ఫోన్లోనే. చివరికి పాత గ్రూప్ ఫోటో ఒకదానిలో, వెనక వరుసలో చిటికెన వేలి గోరంత ముఖం దొరికింది. దాన్నే కత్తిరించి పెద్దది చేయించారు.

కూడికలో ఒక పెద్దాయన, "మన సిస్టరమ్మ ఏ ఆశా ఎరుగని మనిషి" అన్నాడు. అందరూ తలలూపారు. నేను లేచి బయటికి వచ్చేశాను.

గేటు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. రోడ్డు అవతల నుంచి చూస్తే మేనత్తే అనిపించింది. దగ్గరికి నడిచాను. ఎంత దగ్గరికి వెళ్తే అంతగా మనిషి చెదిరిపోయింది. కళ్లున్న చోట ముదురు గళ్లు, చెంపలున్న చోట లేత గళ్లు, గాలికి ఊగుతున్నాయి.