రాయచోటి కండ్ల డాక్టరు

పదో తరగతిలో నేనొక అబద్ధం ఆడాను. అది తగిలిన ఇద్దరికి తప్ప ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగమే రాసుకున్నాను. నిన్న కడపలో ఒక పుస్తకాల అంగట్లో పదో తరగతి గైడు తెరవగానే ఆ చవక కాగితం, జిగురు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. వెంటనే షంషాద్ మేడమ్ గుర్తొచ్చారు.

వేంపల్లె హైస్కూల్లో ఆమె మాకు ఇంగ్లీషు చెప్పేవారు. కొత్త మాట ఏది నేర్పినా మరునాటికి దాన్ని వాక్యంలో పెట్టి తెమ్మనేవారు. ఆ వాక్యంలోని మనిషి మాత్రం మనం కళ్ళారా చూసినవాడై ఉండాలి. చదవగానే అతని గురించి నాలుగు ప్రశ్నలు వేసేవారు. రాము బజారుకు పోయాడని రాస్తే ఏ రాము, ఏ బజారు, ఏం తెచ్చాడు అని అడిగి గానీ వదిలేవారు కాదు.

ఒకరోజు 'టేక్ పెయిన్స్' అనే మాట నేర్పారు. ఎవరైనా ఒక పనిని ఓపిగ్గా, శ్రమకు ఓర్చి, జాగ్రత్తగా చేస్తే ఇంగ్లీషులో అలా అంటారన్నారు. ఆ సాయంత్రం అమ్మ విత్తనానికి సెనక్కాయలు ఒలుస్తోంది, గింజ మీద పొర చిట్లకుండా ఒక్కొక్కటీ. నేను ఆమె పక్కనే కూర్చుని, గైడులోంచి ఒక వాక్యం దించుకున్నాను. రోగులను ఎంతో ఓపిగ్గా చూసే ఒక డాక్టరు గురించి.

"ఎవరు పాపా ఈ డాక్టరు?" అన్నారు మేడమ్ మరునాడు.

"మా... మామ, మేడమ్."

"యాడుంటాడు?"

"రాయచోటిలో."

"ఏం డాక్టరు?"

నేల చూస్తూ "కండ్ల డాక్టరు" అన్నాను. వెనక బెంచీ మీదున్న సుజాత, "డాక్టరు మామను పెట్టుకొని ఇన్నాళ్ళూ చెప్పనేలేదే, శానా గుట్టు నీకు" అంది. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

గంట కొట్టాక నన్ను ఆపారు. ఆమె తల్లికి కళ్ళలో శుక్లాలట. ఆపరేషనంటే భయపడి ఏడాదిగా ఏ ఆసుపత్రికీ రావడం లేదట. "ఓపిగ్గా చూసే డాక్టరైతే వస్తా అంటాది మా అమ్మ. ఆదివారం పోతాం. మీ మామ పేరు, ఆసుపత్రి యాడుండాదో రాసియ్యి" అన్నారు.

శుక్రవారం అడిగితే మరిచిపోయానన్నాను. శనివారం ఉదయం ఆమే వచ్చి, "అమ్మ ఒప్పుకున్యాది. రేపటికి చీర కూడా తీసి పెట్టుకున్యాది" అన్నారు. ఆ ముసలామె నా మాట నమ్మి బస్సెక్కి రాయచోటి వీధుల్లో లేని మనిషి కోసం తిరుగుతుంది. నిజం చెబితే మళ్ళీ భయపడి ఇంట్లోనే ఉండిపోతుంది. చివరికి మధ్యాహ్నం ఇంగ్లీషు నోటుబుక్కులో ఒక వాక్యం రాసి మేడమ్ ముందు పెట్టాను. 'ఐ టుక్ పెయిన్స్ టు హైడ్ ఎ లై.' ఒక అబద్ధాన్ని దాచడానికి నేను చాలా శ్రమపడ్డాను అని. దాని కింద తెలుగులో, ఆ వాక్యం గైడులోదని, మాకు డాక్టరు మామ ఎవరూ లేరని.

మేడమ్ రెండుసార్లు చదివారు. ఎర్ర పెన్ను తీసి, ఏమీ దిద్దకుండానే మూత పెట్టేశారు.

"మీ ఇంట్లో ఎవరూ కనపడలేదా నీకు? గైడులో వాణ్ణి పట్టుకొచ్చినావు?"

"అమ్మ ఉండాది మేడమ్. అమ్మ గురించి రాసేదానికి ఏముండాదిలే అనుకున్యా."

ఆమె నోటుబుక్కు మూసి నా చేతికిచ్చారు. "నాకు చెప్తే సరిపోదు. చీర తీసి పెట్టుకున్యాది మా అమ్మ. పోయి ఆమెకు చెప్పు" అన్నారు.

ఆ సాయంత్రం మేడమ్ పిలిచేదాకా వాళ్ళ వాకిట్లోనే నిలబడి ఆలోచించి, లోపలికి పోయి, మంచం పట్టె మీద చూపు నిలిపి వాళ్ళమ్మకు అంతా చెప్పాను. అవ్వ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "అంటే నన్ను ఓపిగ్గా చూసేవాళ్ళు యాడా లేరంటావు" అంది.

"నేనుంటా అవ్వా. నేను చూసుకుంటా" అన్నాను. ఏ మాటైనా మనసులో పదిసార్లు అనుకున్నాకే పలికే నాకు, ఆలోచించకుండా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదేనేమో.

పది రోజుల తరువాత కడప పెద్దాసుపత్రిలో, ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయేవరకూ అవ్వ నా చెయ్యి వదల్లేదు. ఆ తరువాత నెలన్నర పాటు బడి వదలగానే నేరుగా వాళ్ళింటికి పోయేదాన్ని. సబ్బుతో చేతులు కడుక్కుని, గడియారం చూసుకుంటూ చుక్కల మందు వేసేదాన్ని. "నీ చెయ్యి వణుకుతాండాది పాపా. కన్ను నాదా, నీదా?" అనేది అవ్వ. చూపు తేరుకున్నాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి మొహం చూసి, "ఇంత పెద్ద పిల్లవా నువ్వు! గొంతు వింటే ఇంకా చిన్నదానివి అనుకున్యా" అని నవ్వింది. ఆ నెలన్నరలో మేడమ్ నన్ను వాక్యం అడగలేదు. నేనూ రాయలేదు.

ఇప్పుడు డైరీలో ఎవరి గురించి రాసినా, వాళ్ళు ఏం పని చేస్తారో, ఎలా చేస్తారో ముందు చూసి వస్తాను. నా డైరీల్లో అమ్మ ఉన్నన్ని పేజీల్లో ఇంకెవరూ లేరు. మేడమ్‌కు ఆ మరుసటి ఏడాదే కర్నూలుకు బదిలీ అయింది. బస్టాండులో చెప్పాలనుకున్నదేదీ చెప్పలేక నిలబడ్డాను. బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి వంగి నాతో అన్నారు:

"సెలవులిచ్చినాక కర్నూలుకు రా పాపా. వాకిట్లో నిలబడి ఆలోచన చేస్తా ఉండద్దు, నేరుగా లోపలికి వచ్చేయ్."