నేల మీది తొమ్మిది నిమిషాలు

మా చెల్లెలు ముస్కాన్ ఒక చోట కుదురుగా కూర్చున్నది నేను ఫొటోల్లోనే చూశాను. అవి విమానంలో తీసిన ఫొటోలు. ఇంట్లో అయితే కాలు కాలిన పిల్లి. అన్నం సగంలో లేస్తుంది, ఫోను మాట్లాడుతూ మిద్దె ఎక్కుతుంది, పడుకుని కూడా కాళ్లాడిస్తుంది. ఆ వారం మరీ ఘోరం. ప్రొద్దుటూరులో మా వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా అది తిరిగిన తిరుగుడు చూసి పక్కింటి ఖైరున్నీసా నన్ను ఆపింది.

"ఏంది హీనా, మీ చెల్లెలికి ఏమన్నా పోయిందా? అట్ల ఎతుకులాడతాంది!"

పోయింది మరి. పదమూడు గంటలు పోయాయి. అది ఆమెకు చెప్పి ఒప్పించేంత ఓపిక నాకు లేదు.

ముస్కాన్ పైలట్. లైసెన్సు వచ్చి నాలుగేళ్లయింది గానీ ఇన్నాళ్లూ నడిపింది పెట్రోలుతో తిరిగే చిన్న ఇంజను విమానాలు. కర్ణాటకలో పైనుంచి భూమి ఫొటోలు తీసే ఒక కంపెనీలో పనిచేసింది. అది మూతపడింది. ఏడాదిగా ఇంట్లోనే ఉండి ఉద్యోగాలకు రాసి రాసి, చివరికి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఎంపికైంది. వాళ్లది తొమ్మిది మంది ఎక్కే టర్బైన్ విమానం. జెట్టులో ఉండే రకం ఇంజనే ముందున్న పంకాను తిప్పుతుందట. ఒకసారి టర్బైన్ మీద చెయ్యి పడితే ఆ పై ఉద్యోగాలకు దారి దొరుకుతుంది, పడకపోతే ఎన్నేళ్లయినా ఇంతే. ఈ మాట నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

మంగళవారం ఆ కంపెనీ పైలట్ల పెద్ద, కెప్టెన్ నందిని ఫోన్ చేసింది. విమానానికి ఇన్సూరెన్సు ఇచ్చేవాళ్లు, మొత్తం అయిదు వందల గంటలు ఎగరని మనిషిని ఆ సీట్లో కూర్చోబెడితే మాకు సంబంధం లేదన్నారట. దగ్గరదగ్గరగా ఉంటే చాలని మొదట అనుకున్నారు, ఇప్పుడు కాదంటున్నారు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి పేర్లు వాళ్లకు వెళ్లిపోతాయి. ఎగిరిన గంటలు రాసుకునే మా పిల్ల లాగ్‌బుక్కులో ఉన్నది నాలుగు వందల ఎనభై ఏడు గంటల పది నిమిషాలు. మూడు రోజుల్లో పదమూడు గంటలు ఎగరడానికి ఏ ఫ్లయింగ్ క్లబ్బులోనూ విమానం ఖాళీ లేదు.

దానితో చదువుకున్న ఇమ్తియాజ్ అని ఒకడున్నాడు. "పదమూడు గంటలే గదా, పెన్ను తీసుకో. యాడ చూస్తారు?" అన్నాడట. ముస్కాన్ ఫోను పెట్టేసి, ఉతికి మడత పెట్టిన బట్టలన్నీ మళ్లీ నీళ్లలో వేసింది. అందులో నా కస్టమర్ల జాకెట్లు కూడా ఉన్నాయి. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. ఆ రోజు దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

బుధవారం మళ్లీ నందిని మేడమ్ ఫోను. లాగ్‌బుక్కు పేజీలు తెప్పించుకుని చూసిందట.

"సర్వే ఫ్లైట్లకు నువ్వు గాల్లోకి లేచిన టైము, దిగిన టైము రాశావు. నేల మీద నడిపిన టైము ఏదమ్మా? చక్రాల కింద దిమ్మలు తీసి కదిలిన దగ్గర్నుంచి మళ్లీ ఆగేదాకా లెక్కే కదా. రూలు తెలీదా?"

"తెలుసు మేడమ్."

"మరి?"

మా మహాతల్లి గది ఒక చుట్టు చుట్టింది. తర్వాత, "నేల మీద దొర్లేది ఎగరడం కాదు గదా అని రాయలేదు మేడమ్," అంది. ఫోను స్పీకర్లో ఉంది. నాకు తల బాదుకోవాలనిపించింది.

ఈ పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. మాది దూదేకుల ఇల్లు. మాట తెలుగు, పని దూది. మా నాయన నబీ రసూల్ తొమ్మిదేళ్లు కువైట్‌లో ఉండి వచ్చి, మళ్లీ మా తాత అంగట్లోనే దూది ఏకి పరుపులు కుడుతున్నాడు. మిగతా అంగళ్లలో మనం తీసుకుపోయిన పాత దూది మూటను అట్లాగే తూచి కూలి చెబుతారు. మా నాయన ఏకినాక తూస్తాడు. మిషన్ కింద రాలిన దుమ్ము, గింజ, నలక అంతా పక్కకు ఊడ్చి, తెల్లటి దూదినే కాటాలో పెడతాడు. మా తాత అంతే, ఆయన నాయనా అంతేనట. దుమ్ముకు కూలి తినగూడదు అనేది మా ఇంట్లో నమాజు తర్వాత అంత మాట. ముస్కాన్ చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ కాటా పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకునేది. విమానం నడిపినా ఆ కాటా దాన్ని వదల్లేదు. విమానం నేర్చుకున్న క్లబ్బులో ఉన్నన్నాళ్లు గుమాస్తా రాశాడు కాబట్టి సరిపోయింది. సర్వే కంపెనీలో తనే రాసుకునేసరికి, ప్రతి ప్రయాణంలోనూ నేల మీది నాలుగైదు నిమిషాలు దులిపి పారేసింది. అట్లాంటి ప్రయాణాలు నూట అరవై నాలుగు.

"ఎక్కువ రాసుకున్నవాళ్లను శానామందిని పట్టుకున్నారు ఇన్సూరెన్సు వాళ్లు," నందిని మేడమ్ మాట కాదిది, దాని సారం. "తక్కువ రాసుకున్నానంటే నవ్వుతారు. ఆ విమానం చూసుకున్న ఇంజనీరు సంతకంతో కాగితాలు తెస్తే వాళ్లకు పంపిస్తాను." ఇంతవరకే ఆమె చేయగలిగేది.

ఆ ఇంజనీరు దయానందం గారు. మా జిల్లావాడే కావడం ఒక్కటే అదృష్టం. ఆయన పాత నంబరు పలకలేదు. చెల్లెలు కరుణమ్మ జమ్మలమడుగులో టీచరని మాత్రం ముస్కాన్‌కు గుర్తుంది. గురువారం పొద్దున ఏడింటికే స్కూటీ తీసింది. ఒక్కదాన్నే పంపితే ఏ సిమెంటు లారీ కిందో దూరుతుందని నేనూ వెనక కూర్చున్నాను. విమానం నడిపే పిల్ల స్కూటీ ఎట్లా నడుపుతుందో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది. జమ్మలమడుగు చేరేసరికి నా చున్నీ పిన్నులన్నీ ఊడిపోయాయి.

కరుణమ్మ టీచరు బడికి బయలుదేరబోతోంది. "అన్న ఈడ ల్యాడమ్మా. పులివెందులలో కూతురు ఎస్తర్ కాడ ఉండాడు. కూసోండి, ఉప్మా ఉండాది," అంది.

"వద్దు టీచరమ్మా," అంటూ ముస్కాన్ అప్పటికే వాకిట్లో ఉంది. నాకు ఆకలేస్తోందని చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. ముద్దనూరు మీదుగా పులివెందుల. దారి పొడవునా ఎండ, లారీలు, దీని గొణుగుడు. "ఆయన కాగితాలు పారేసింటే? ఎస్తర్ ఇల్లు సర్దేటప్పుడు అమ్మేసింటే?" అని అడుగుతుంది, జవాబు చెబితే వినదు. నాకు చిరాకు వేసింది. లోపల భయమూ వేసింది. ఏడాదిగా దీని కాళ్ల చప్పుడుకు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఈ ఉద్యోగం తప్పితే ఈ పిల్ల ఏమవుతుందో నేను ఆలోచించదలచుకోలేదు.

దయానందం గారు పారేయలేదు. రిటైరైన వైమానిక దళం మనిషి, నిక్కరు కూడా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగాడు. విమానం పుస్తకంలో రాసిన ప్రతి పేజీకీ కార్బన్ కాపీ ఉంది. దిమ్మలు తీసిన టైము, లేచిన టైము, దిగిన టైము, దిమ్మలు పెట్టిన టైము.

"దిమ్మలు లాగింది నేనే గదా పాపా. ఇంజన్ తిరిగిన ప్రతి నిమిషం నాకు లెక్కే. నువ్వు ఇట్ల రాసుకుంటాండావని తెలిసింటే ఆ పొద్దే చెవి మెలిపెట్టేవాణ్ణి," అన్నాడు.

ముగ్గురం నేల మీద కాగితాలు పరుచుకున్నాం. నేను చదివాను, ఆయన రాశాడు, అది నిలబడి, తిరుగుతూ కూడింది. మధ్యాహ్నం రెండింటికి మొత్తం తేలింది. నేల మీదివి పన్నెండు గంటల అయిదు నిమిషాలు. పాతదానికి కలిపితే నాలుగు వందల తొంభై తొమ్మిది గంటల పదిహేను నిమిషాలు.

నలభై అయిదు నిమిషాలు తక్కువ.

పదకొండు ప్రయాణాలకు కాగితాల్లేవు. ఆ పక్షం దయానందం గారు సెలవులో ఉన్నాడు. వేరే ఇంజనీరు వచ్చాడు, అతనెక్కడున్నాడో తెలియదు. విమానం పుస్తకం విమానంతో పాటే వేరే రాష్ట్రానికి పోయింది, తెప్పించాలంటే వారం.

ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "పదకొండుకీ అయిదేసి వేసినా యాభై అయిదు నిమిషాలైతాది. నీవే గదా అవి, దొంగవి కాదు. రాస్తా, సంతకం పెడతా," అన్నాడు.

"పెట్టండి సార్," అన్నాను నేను.

"ఆ పొద్దు మీరు ఆడ ల్యారు సార్," అంది ముస్కాన్. "చూడనిది ఎట్ల రాస్తారు?"

నాకు ఒళ్లు మండింది. దానివే నిమిషాలు, అది కష్టపడినవే, ఇచ్చేవాడు ఇస్తానంటుంటే తీసుకోవడానికేం రోగం? ఆయన ముందే అరిచాను. అది జవాబివ్వకుండా ఉన్న కాగితాలకే సంతకాలు పెట్టించుకుని, ఫొటోలు తీసి నందిని మేడమ్‌కు పంపింది. కింద నాలుగు వందల తొంభై తొమ్మిది గంటల పదిహేను అని రాసింది.

పది నిమిషాలకు ఫోను మోగింది. "ఐదు వందలకు ఒక్క నిమిషం తగ్గినా వాళ్లు ఒప్పుకోరు," అంది మేడమ్. "పదమూడు గంటలు దొరకవు గానీ ఒక స్లాటు అడిగి చూస్తాను." అరగంటకు మెసేజి వచ్చింది. రేపు పదకొండింటికి హైదరాబాదు క్లబ్బులో ఒక స్టూడెంటు మానుకున్నాడు. యాభై నిమిషాలు. ఆ తర్వాత ఇంకొకరిది, ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వరు.

సాయంత్రానికి ప్రొద్దుటూరు చేరాం. హైదరాబాదు బస్సెక్కే ముందు ముస్కాన్ అంగట్లో నాయనకు సంగతంతా చెప్పింది. చెప్పి, "యాభైలో నేల మీద తొమ్మిదో పదో పోతాయి నాయనా. గాల్లో నలభైయ్యే మిగిలేది," అంది. ఇన్ని ఊళ్లు తిరిగి, ఇంత కూడి, ఇంకా ఆ మాటే. కాగితాల మీదున్నవి దయానందం గారు రాశాడు కాబట్టి ఒప్పుకుంది గానీ, తన చేత్తో దుమ్ము రాయడానికి దానికి చెయ్యి రావడం లేదు.

నాయన మిషన్ ఆపాడు. దగ్గాడు. ఆయన దగ్గు మాకు అలవాటు, అసలు వినపడదు. ఆ రోజు వినపడింది.

"దుమ్మును నేను తూయల్యా. నిజమే," అన్నాడు. "తూయకపోతే పని కాదని నీకెవరు చెప్పినారే? ఏకింది నేను గాదా? పీల్చింది నేను గాదా? ఇదో, ఈడ ఉండాది అంతా," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నన్ను అడిగేవాడు ల్యాక వదిలేసినా. నీకు రూలే రాసుకోమంటాంటే వదిలేస్తావా?"

ముస్కాన్ నిలబడిపోయింది. ఆ వారంలో అది కదలకుండా నిలబడడం అదే మొదటిసారి.

శుక్రవారం పన్నెండున్నరకు నా ఫోనుకు లాగ్‌బుక్కు పేజీ ఫొటో వచ్చింది. గాల్లో నలభై ఒకటి. నేల మీద తొమ్మిది. మొత్తం యాభై. దాని చేతిరాతే. కింద మొత్తం అయిదు వందల గంటల అయిదు నిమిషాలు. ఆ తొమ్మిది లేకపోతే అయిదు వందలకు నాలుగు నిమిషాలు తక్కువై ఆగిపోయేది. మూడింటికి మళ్లీ మెసేజి. ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకున్నారు, సోమవారం నుంచి ట్రైనింగు. నేను కుడుతున్న జాకెట్టు మీదే ఏడ్చేశాను.

పరుగెత్తి అంగడికి పోయాను. నాయన ఫొటోను దగ్గరికి, దూరానికి పట్టుకుని చూశాడు. "ఈ తొమ్మిదేనా నేల మీదివి?"

"ఔ నాయనా."

తల ఊపి ఫోను తిరిగిచ్చాడు. మిషన్ కింద పొద్దుటి నుంచి రాలిన దుమ్మంతా ఒక గోతంలోకి ఎత్తాడు. బయట పారేస్తాడనుకున్నాను. తీసుకుపోయి కాటా మీద పెట్టాడు. కిలో రెండు వందల గ్రాములుంది.

"ఇంత ఉంటాదా రోజుకు?" అన్నాడు, నన్ను కాదు. మళ్లీ దగ్గాడు. గోతం దించి, తెల్ల దూది పెట్టి, ఎప్పటిలాగే దానికే కూలి రాశాడు.